1050 టీఐ తీసేసి ఏ గ్రాఫిక్స్ కార్డు పెట్టాలన్నా? (అనంతపురం)

పెన్నా_గేమర్, అనంతపురం

అన్నలూ, ఒక సలహా కావాల. నా పీసీ 2019ది, ఐ5-9400ఎఫ్, బీ365 బోర్డు, 8జీబీ ర్యామ్ రెండు స్టిక్కులు, కార్డు 1050 టీఐ 4జీబీ. మానిటర్ 24 అంగుళాలు 1080పీ 75 హెర్ట్జ్. ఇన్నాళ్ళూ వాలరెంట్, జీటీఏ 5 వరకు బాగానే నెట్టుకొచ్చినా గానీ సైబర్‌పంక్ వేస్తే లో సెట్టింగ్స్‌లో కూడా స్లైడ్ షో మాదిరి అయితాంది, రెడ్ డెడ్ 2 పట్నం లోపలికి పోతే 25 ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) దాటదు. డూమ్ డార్క్ ఏజెస్ అయితే అసలు ఓపెనే కాదు.

బడ్జెట్ 35 వేలు, ఇంకొంచెం లాగొచ్చు గానీ ఇంట్లో కతలు చెప్పాల. సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక షాపులో అడిగితే ఆర్‌టీఎక్స్ 5060 తీసుకో, ఉన్న ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటిచ్చే డబ్బా) సరిపోతాది, తెస్తే ఐదు నిమిషాల్లో పెట్టిస్తా అన్నాడు. యూట్యూబ్‌లో చూస్తే ఒకాయన 8జీబీ మెమరీ ఉండే కార్డు ఇప్పుడు కొనేవాళ్ళు పిచ్చోళ్ళు అంటాడు, ఇంకొకాయన 1080పీకి 8జీబీ చాలు అంటాడు. నాకు తల తిరుగుతాంది. బెంగుళూరులో కంప్యూటర్ షాపులుండే ఎస్పీ రోడ్డుకు పోయి తెచ్చుకోమన్నా పోతా, రేటులో నిజంగా తేడా ఉంటేనే. పెట్టేది కూడా నేనే పెట్టుకుందామని ఉండాది, ఎట్ల పెట్టాలో, ఏం చూసుకోవాలో చెప్పండి.

తుంగభద్ర_సర్వీస్, కర్నూలు

తమ్ముడూ, కార్డు సంగతి తర్వాత చూద్దాం. ముందు క్యాబినెట్ పక్క డోర్ తీసి ఎస్ఎంపీఎస్ మీద అతికించిన స్టిక్కర్ ఫోటో తీసి దాంట్లో ఏముందో ఇక్కడ రాయి. పైన పెద్ద అక్షరాల్లో 450 వాట్లు, 500 వాట్లు అని ఉంటుంది, దాన్ని పట్టించుకోకు. కింద చిన్న టేబుల్ ఉంటుంది, అందులో ప్లస్ 12 వోల్ట్ కింద ఎన్ని యాంప్స్ రాసుందో చూడు. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ రెండూ తినేది ఆ 12 వోల్టుల్లోంచే. యాంప్స్‌ని 12తో గుణించు, ఎన్ని వాట్లు వస్తే నీ ఎస్ఎంపీఎస్ నిజంగా ఇచ్చేది అంతే, అది కూడా కంపెనీవాడు నిజం రాసుంటే.

నీ 1050 టీఐ 75 వాట్ల కార్డు, బోర్డు స్లాట్ ఒక్కటే 75 వాట్లు ఇస్తుంది కాబట్టి చాలా మోడళ్ళకి విడిగా కరెంటు వైరే ఉండదు. అందుకే క్యాబినెట్‌తో పాటు వచ్చిన ఎస్ఎంపీఎస్‌లు ఇన్నేళ్ళూ చప్పుడు చేయకుండా లాగేసినాయి. కొత్త కార్డులు అట్ల కాదు. 5060 అంటే 145 వాట్లు, దానికి 550 వాట్ల ఎస్ఎంపీఎస్ ఉండాలని ఎన్విడియానే చెప్తుంది. షాపాయన సరిపోతుంది అన్నాడంటే స్టిక్కర్ చూడకుండానే అన్నాడు.

పెన్నా_గేమర్, అనంతపురం

అన్నా చూసినా. పైన 450 వాట్లు అని ఉండాది, కింద ప్లస్ 12 వోల్ట్ దగ్గర 16 ఏ. అంటే 192 వాట్లేనా? కార్డుకు కరెంటిచ్చే ఎనిమిది పిన్నుల పీసీఐఈ వైరు కూడా ల్యా దీంట్లో. షాపాయన కన్వర్టర్ ఇస్తా, హార్డ్ డిస్క్ వైర్లకు తగిలిస్తే అయిపోతాది అన్నాడు.

తుంగభద్ర_సర్వీస్, కర్నూలు

192 వాట్లలో ప్రాసెసర్‌కే 65 పోతుంది, లోడ్ మీద ఇంకా ఎక్కువే లాగుతుంది, ఇంక కార్డుకి ఏం మిగుల్తుంది చెప్పు. ఆ కన్వర్టర్ మాత్రం పెట్టించుకోవద్దు. ఎనిమిది పిన్నుల కనెక్టర్ 150 వాట్ల కోసం చేసింది, హార్డ్ డిస్క్‌కి పోయే సన్న వైరు మీద అంత లోడ్ వేస్తే కనెక్టర్ ప్లాస్టిక్ కరిగిపోతుంది. నా దగ్గరికి అట్ల వచ్చిన పీసీలు చూసినా, తెల్లగా ఉండాల్సిన నాలుగు పిన్నుల సాకెట్ గోధుమ రంగు తిరిగి, వైరుకి అతుక్కుపోయి, కటింగ్ ప్లేయర్‌తో కోస్తే గానీ ఊడిరాలేదు. కార్డు బతికింది, బోర్డు పోయింది.

550 వాట్లది, మంచి కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ తీసుకో. 80 ప్లస్ అంటే కరెంటు ఎంత వృథా కాకుండా ఇస్తుందనే లెక్క మాత్రమే, లోపల మాల్ మంచిదని గ్యారంటీ కాదు, అందుకని వారంటీ ఎన్నేళ్ళు ఇస్తున్నాడో కూడా చూడు, 5 ఏళ్ళు ఇచ్చేవాడు కొంచెం నమ్మకంగానే చేసుంటాడు. నీ బడ్జెట్‌లో దీనికి పక్కన పెట్టు, మిగిలిందే కార్డు బడ్జెట్.

ఇంకోటి, నీ 9400ఎఫ్‌లో చివర ఎఫ్ ఉంది కదా, అంటే లోపల గ్రాఫిక్స్ లేదు. కొత్త కార్డుకి డిస్‌ప్లే రాకపోతే బోర్డు వెనక హెచ్‌డీఎంఐకి పెట్టి చూద్దామంటే కుదరదు. అందుకని పాత కార్డు పీకే ముందే కొన్ని పనులు చేసుకోవాలి. అవి కార్డు డిసైడ్ అయినాక చెప్తా.

బుగ్గవంక_బ్బీ, కడప

ఏం బ్బా, అందరూ కొత్తవి కొత్తవి అంటారు, సెకండ్ హ్యాండ్ సంగతి ఎవురూ ఎత్తరే. నేను ఆర్ఎక్స్ 6600 పాతది తీసుకున్యా, 8జీబీ, 132 వాట్లే, 1080పీలో నువ్వు చెప్పిన గేమ్‌లన్నీ హైలో ఆడుకోవచ్చు, డబ్బులు సగం మిగుల్తాయి. ఆ మిగిలిన డబ్బుల్తో ఎస్ఎంపీఎస్ మంచిది వేసుకో, ఒక ఎస్ఎస్‌డీ కూడా వస్తాది. 75 హెర్ట్జ్ మానిటర్‌కి అంతకంటే పెద్ద కార్డు పెట్టేది యాడికి, ఎద్దుల బండికి ఏరోప్లేన్ ఇంజన్ కట్టినట్టు.

మైనింగ్ కార్డు (క్రిప్టో నాణేల కోసం రాత్రీ పగలూ నడిపినది) అని భయపడతారు గానీ 2022 సెప్టెంబర్లో ఎథీరియం మైనింగ్ ఆగిపోయినాక అమ్మినవి ఇప్పటిదాకా నడుస్తాండాయంటే ఇంకా నడుస్తాయి. చూసుకోని తీసుకోవాల అంతే. అమ్మేటోని ఇంట్లోనే పీసీకి తగిలించి గేమ్ ఒక అరగంట నడిపిచ్చు, టెంపరేచర్ చూడు, ఫ్యాన్ చప్పుడు విను. స్క్రూల తలలు గీసుకుపోయుంటే ఎవురో ఇప్పినారని అర్థం, అప్పుడు ఎందుకిప్పినావని అడుగు, పేస్ట్ మార్చినా అంటే పరవాల్యా, తెల్దు అంటే లేసి వచ్చెయ్. బిల్లు, సీరియల్ నంబర్ రెండూ ఉంటే వారంటీ ఎంత మిగిలిందో కంపెనీ సైట్లోనే కనపడతాది. కొరియర్లో పంపిస్తా, ముందు ఫోన్‌పే చెయ్ అనేటోనికి ఒక దండం పెట్టి బ్లాక్ చెయ్.

ప్రొద్దుటూరోడు_ఇన్_బెంగుళూరు

కడపన్న చెప్పింది తప్పు కాదు గానీ ఈ పీసీకి ఒక విషయం అడ్డం వస్తుంది, చాలా మంది వదిలేస్తారు. 9400ఎఫ్, బీ365 అంటే పీసీఐఈ 3.0, కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా పోయే దారి పాత తరందే. ఆర్ఎక్స్ 6600 అయినా ఆర్‌టీఎక్స్ 4060 అయినా 5060 అయినా చూడ్డానికి పొడుగాటి స్లాట్లోనే కూర్చుంటాయి గానీ లోపల వాడేది 8 లేన్లే (డేటా పోయే వరసలు). 4.0, 5.0 ఉన్న కొత్త బోర్డులో ఆ 8 లేన్లు ధారాళంగా సరిపోతాయి. 3.0లో స్పీడ్ 4.0తో పోలిస్తే సగం అయిపోతుంది. కార్డు మెమరీ లోపలే గేమ్ సర్దుకుంటే పెద్ద తేడా కనపడదు, రెండు మూడు శాతం అనుకో, పట్టించుకోనక్కర్లేదు. 8జీబీ నిండిపోయినప్పుడు ఉంటుంది అసలు కత. మిగిలిన టెక్స్‌చర్లు సిస్టమ్ ర్యామ్ నుంచి ఆ ఇరుకు దారిలోనే రావాలి, అప్పుడు యావరేజ్ ఎఫ్‌పీఎస్ 60 అని చూపిస్తానే గేమ్ మాత్రం మధ్య మధ్యలో గుక్క పట్టినట్టు ఆగి ఆగి పోతుంది. రివ్యూల్లో వాళ్ళు కొత్త ప్రాసెసర్ మీద టెస్ట్ చేస్తారు కాబట్టి ఈ బాధ వాళ్ళ గ్రాఫుల్లో రాదు.

2022లో ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ అని ఒకటి వదిలినారు గుర్తుందా, 4జీబీ, 4 లేన్లే. పాత బోర్డులున్నోళ్ళ కోసమే చేసినట్టు రేటు పెట్టి, పాత బోర్డుల్లోనే ఘోరంగా పడుకునేట్టు చేసినారు. ఇక్కడ అంత ఘోరం కాదు గానీ జబ్బు అదే.

నా లెక్క ప్రకారం నీకు రెండు దారులు. కొత్తది కావాలంటే ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16జీబీ, 2025 జూన్‌లో వచ్చింది, 160 వాట్లు, దానికి పూర్తిగా 16 లేన్లు ఉన్నాయి, మెమరీ నిండే గొడవే లేదు. అదే పేరుతో 8జీబీది కూడా అమ్ముతున్నారు, డబ్బా మీద జాగ్రత్తగా చూసుకో, ఆ 8ది మాత్రం వద్దు. సెకండ్ హ్యాండ్ కావాలంటే ఆర్‌టీఎక్స్ 3060 12జీబీది, 170 వాట్లు, అది కూడా 16 లేన్లే, డీఎల్ఎస్ఎస్ (చిన్న బొమ్మను పెద్దది చేసి ఎఫ్‌పీఎస్ పెంచే ఎన్విడియా టెక్నిక్) కూడా ఉంటుంది. ఇంటెల్ బీ580 రేటు చూసి టెంప్ట్ కావద్దు. 12జీబీ ఉంది, మంచి కార్డే, కాకపోతే దానికి రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సదుపాయం) కచ్చితంగా కావాలి, ఇంటెల్ వాడే పదో జనరేషన్ నుంచి పైకి అన్నాడు, నీది తొమ్మిది. పాత ప్రాసెసర్ల మీద దాని డ్రైవర్ ఎక్కువ బరువు వేస్తుంది కూడా.

కొత్తది తీసుకునే పనైతే ఎక్కువ నాన్చొద్దు. 2025 చివర్నుంచి మెమరీ రేట్లు పెరుగుతానే ఉన్నాయి, ఆ వేడి గ్రాఫిక్స్ కార్డులకీ తగులుతుంది.

హంద్రీ_ఫ్రాగ్, కర్నూలు

అందరూ కార్డు కార్డు అంటున్నారు, 9400ఎఫ్‌లో 6 కోర్లు 6 థ్రెడ్లే కదా, దాని మీద 9060 ఎక్స్‌టీ పెడితే బాటిల్‌నెక్ అయిపోదా, ప్రాసెసర్ అందుకోలేక కార్డు ఖాళీగా కూర్చోదా? నాకు తెలిసి ముందు ప్రాసెసర్ మార్చుకోవాలి.

తుంగభద్ర_సర్వీస్, కర్నూలు

బాటిల్‌నెక్ అనే మాట విని కొట్లాడుకునే బదులు కొలిచి చూస్తే సరిపోతుంది. ఆఫ్టర్‌బర్నర్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేసి, దాంతోపాటు వచ్చే రివాట్యూనర్‌తో స్క్రీన్ మీద జీపీయూ (కార్డు) వాడకం, సీపీయూ (ప్రాసెసర్) వాడకం వచ్చేలా పెట్టుకో. జీపీయూ 95 పైన ఉందంటే కార్డే అడ్డం. జీపీయూ 60 దగ్గర తిరుగుతా ప్రాసెసర్ 100 కొడుతుందంటే కార్డు మార్చినా ఎఫ్‌పీఎస్ పెరగదు. అనంతపురం తమ్ముడు సైబర్‌పంక్‌లో, వాలరెంట్‌లో రెండిట్లో చూసి చెప్పమను.

పెన్నా_గేమర్, అనంతపురం

చూసినా అన్నా. సైబర్‌పంక్‌లో జీపీయూ 99 దగ్గర అతుక్కోని ఉండాది, ప్రాసెసర్ 60 లోపలే. వాలరెంట్‌లో మాత్రం జీపీయూ 70 దాటల్యా.

తుంగభద్ర_సర్వీస్, కర్నూలు

అయితే జవాబు వచ్చేసింది. సైబర్‌పంక్, రెడ్ డెడ్ లాంటి వాటికి కార్డు మార్చాల్సిందే, తేడా బ్రహ్మాండంగా ఉంటుంది. వాలరెంట్ కోసమే అయితే దండగ, అది ప్రాసెసర్ మీద ఆడే గేమ్, కొత్త కార్డు వేసినా పెద్దగా పెరగదు. 75 హెర్ట్జ్ మానిటర్ ఉన్నంత కాలం 9400ఎఫ్‌తో లాగొచ్చు. తర్వాత కావాలంటే ఇదే బోర్డులో పాత ఐ7-9700 దొరికితే వేసుకో, 8 కోర్లు, బోర్డు ర్యామ్ ఏమీ మార్చక్కర్లేదు.

డూమ్ ఓపెన్ కాకపోవడానికి స్పీడ్ కారణం కాదు, దానికి రే ట్రేసింగ్ (వెలుతురు, నీడలు లెక్కగట్టే పద్ధతి) హార్డ్‌వేర్ ఉన్న కార్డే కావాలి, 1050 టీఐలో అది లేదు. పైగా 10 సిరీస్‌కి కొత్త గేమ్ డ్రైవర్లు కూడా 2025 అక్టోబర్‌తో అయిపోయినాయి, ఇంక 2028 అక్టోబర్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లే ఇస్తారు.

గేమ్‌లు యాడ ఇన్‌స్టాల్ చేసినావు? హార్డ్ డిస్క్‌లోనే ఉంటే ముందు ఎస్ఎస్‌డీకి మార్చు. సైబర్‌పంక్‌కి 2023 నుంచి కనీస అవసరాల్లోనే ఎస్ఎస్‌డీ రాసినారు.

పెన్నా_గేమర్, అనంతపురం

ఎస్ఎస్‌డీ ఉంది, 500జీబీ. ఇంట్లో మాట్లాడినా, అక్క కొంచెం వేస్తా అన్నది, 9060 ఎక్స్‌టీ 16జీబీకే ఫిక్స్ అయితాండా. ఎస్పీ రోడ్డుకు పోవాల్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్నా? ఇంక పెట్టేది ఎట్లనో చెప్పండి అన్నా.

ప్రొద్దుటూరోడు_ఇన్_బెంగుళూరు

ఎస్పీ రోడ్డులో తిరిగితే ఒక్కోసారి ఆన్‌లైన్ కంటే తక్కువకే వస్తుంది, ఒక్కోసారి బస్సు ఛార్జీలు కూడా రావు. ఫోన్ చేసి రేటు కనుక్కోకుండా బస్సెక్కొద్దు. బిల్లు లేకుండా అయితే ఇంత తగ్గిస్తా అంటారు, ఆ బేరానికి మాత్రం ఒప్పుకోవద్దు, జీఎస్టీ 18 శాతం పోయినా సీరియల్ నంబర్ రాసిన బిల్లు ఉంటేనే వారంటీకి నిలబడగలం. ఆన్‌లైన్ అయితే డబ్బా ఇప్పేటప్పుడు సీల్ తెంపే ముందు నుంచి వీడియో తీసుకో. సర్వీస్ సెంటర్ బెంగుళూరులోనో హైదరాబాద్‌లోనో ఉండే బ్రాండ్ చూసుకో, అనంతపురం నుంచి రెండూ ఒకే రోడ్డు మీదే కదా.

ముందు క్యాబినెట్ లోపల టేపుతో కొలువు. వెనక స్లాట్ పట్టీ నుంచి ముందు ఫ్యాన్ దాకా ఎంతుందో చూడు. మూడు ఫ్యాన్ల మోడళ్ళు 28 నుంచి 32 సెంటీమీటర్ల దాకా ఉంటాయి, నీ పాత క్యాబినెట్లో హార్డ్ డిస్క్ గూడు అడ్డం వస్తుందేమో. రెండు ఫ్యాన్లది తీసుకుంటే నీకు హాయి, 160 వాట్లకు రెండు ఫ్యాన్లు చాలు.

తుంగభద్ర_సర్వీస్, కర్నూలు

ఇంక ఫిట్టింగ్ చెప్తా, ఓపిగ్గా చదువు.

పాత కార్డు ఉండగానే స్టార్ట్ మెనూలో ఎంఎస్ఇన్ఫో32 అని కొట్టు. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ వస్తుంది, అందులో బయాస్ మోడ్ అని ఒక లైను ఉంటుంది. యూఈఎఫ్ఐ (పీసీ లేచే కొత్త పద్ధతి) అని ఉంటే నీకు ఏ పనీ లేదు. లెగసీ (పాత పద్ధతి) అని ఉంటే ఆగు. 2019లో షాపుల్లో పాత పద్ధతిలో విండోస్ వేసిచ్చిన పీసీలు ఇప్పటికీ లెగసీలోనే నడుస్తున్నాయి, కొత్త కార్డుల్లో చాలా వాటికి ఆ మోడ్‌లో డిస్‌ప్లే సరిగ్గా రాదు. 5060 సిరీస్ వచ్చినప్పుడు రీబూట్ చేస్తే నల్ల స్క్రీన్ వస్తుందని జనం మొత్తుకుంటే ఎన్విడియా వాడు ఫర్మ్‌వేర్ టూలే వదలాల్సి వచ్చింది, దాంతోపాటు బోర్డుని యూఈఎఫ్ఐకి మార్చుకోమన్నాడు. నీది ఏఎండీ అయినా అదే జాగ్రత్త.

లెగసీ అయితే విండోస్ తీసేయాల్సిన పని లేదు. డిస్క్‌ని యూఈఎఫ్ఐకి సరిపోయేలా మార్చే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ విండోస్ 10లోనే ఉంటుంది. ముఖ్యమైన ఫైళ్ళు బయట డిస్క్‌లో పెట్టుకో, బిట్‌లాకర్ (డిస్క్‌కి వేసే లాక్) ఉంటే ఆపు, కమాండ్ ప్రాంప్ట్ అడ్మిన్‌గా తెరిచి ముందు వాలిడేట్ నడిపించు, అది సక్సెస్ అంటేనే కన్వర్ట్. ఒకే డిస్క్‌లో ప్రైమరీ పార్టిషన్లు మూడు దాటితే అది ఒప్పుకోదు, సీ డీ ఈ ఎఫ్ అని ముక్కలు కోసినోళ్ళకి అక్కడే ఆగిపోతుంది. అయినాక రీస్టార్ట్ చేసి బయాస్‌లోకి (బోర్డు సెట్టింగ్స్) పోయి సీఎస్ఎం (లెగసీ పద్ధతిని నడిపించే ఆప్షన్) డిజేబుల్ చెయ్. పాత కార్డుతోనే విండోస్ మామూలుగా లేచిందా చూసుకో. లేచిందంటే సగం పని అయిపోయినట్టే. బయాస్ అప్‌డేట్ కూడా ఉంటే అదే దెబ్బలో వేసెయ్, కొన్ని కంపెనీలు 300 సిరీస్ బోర్డులకు కూడా రీసైజబుల్ బార్ ఆప్షన్ ఇచ్చినాయి, నీ బోర్డుకి ఉంటే ఆన్ చెయ్, ఏఎండీ కార్డుకి మంచిది.

తర్వాత ఎన్విడియా నుంచి ఏఎండీకి పోతున్నావు కాబట్టి పాత డ్రైవర్ పూర్తిగా తుడిచెయ్యాలి. డీడీయూ అని ఫ్రీ టూల్ ఉంది, నెట్ పీకేసి, సేఫ్ మోడ్‌లో నడిపించి షట్‌డౌన్ పెట్టు. నెట్ ఎందుకు పీకడం అంటే విండోస్ అప్‌డేట్ దానంతట అదే ఏదో ఒక డ్రైవర్ తెచ్చి దూరుస్తుంది.

స్విచ్ ఆపి ప్లగ్గు పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పెట్టు. పక్కకు పడుకోబెట్టి పని చెయ్. పాత కార్డు స్క్రూ ఇప్పినాక ఊరికే లాగకు, స్లాట్ చివర చిన్న ప్లాస్టిక్ నాలిక ఉంటుంది, అది కిందికి నొక్కితే టక్కుమని వదులుతుంది. పెద్ద పెద్దోళ్ళే దాన్ని మర్చిపోయి లాగి స్లాట్ విరగ్గొట్టినారు. ఎస్ఎంపీఎస్ మార్చేటప్పుడు పాత వైర్లు మొత్తం తీసెయ్, పాత వైరు బానే ఉంది కదా అని కొత్తదానికి తగిలిస్తే ఆ పిన్నుల వరస వేరే ఉంటుంది, పొగ వస్తుంది. ప్రాసెసర్‌కి పోయే ఎనిమిది పిన్నుల వైరు, కార్డుకి పోయేది చూడ్డానికి ఒకటే మాదిరి ఉంటాయి. ప్రాసెసర్‌ది నాలుగు ప్లస్ నాలుగుగా చీలుతుంది, కార్డుది ఆరు ప్లస్ రెండుగా చీలుతుంది. దూరకపోతే బలవంతం చెయ్యొద్దు.

కార్డు అంచు మీద ప్లాస్టిక్ కవర్ ఉంటుంది, అది తీసి, రెండు చేతులతో సమానంగా నొక్కు, నాలిక దానంతట అదే పైకి లేస్తుంది. స్క్రూలు రెండు బిగించు. పవర్ వైరు క్లిక్ వినపడేదాకా తొయ్. మానిటర్ వైరు కార్డుకే పెట్టాలి.

బుగ్గవంక_బ్బీ, కడప

అబ్బా, తుంగభద్రన్న పాఠం చెప్పినాడంటే ఇంజనీరింగ్ కాలేజీ ఎందుకు బ్బా. ఒకటి నేను కలుపుతా, ఎర్తింగ్ చూసుకో. మన సీమలో పాత ఇళ్ళల్లో మూడు పిన్నుల సాకెట్ ఉంటాది గానీ మూడోదానికి వైరే ఉండదు. బండల మీద ఉత్త కాళ్ళతో నిలబడి క్యాబినెట్ అంచు ముట్టుకుంటే సన్నగా జిల్లుమంటే అదే అర్థం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ గుంత తవ్విచ్చి ఉప్పు, బొగ్గు వేయించినాక నా ఇంట్లో ఆ జిల్లు పోయింది.

పెన్నా_గేమర్, అనంతపురం

అప్‌డేట్ ఇస్తాండా అన్నలూ. అయిపోయింది! రెండు ఫ్యాన్ల మోడల్ తీసుకున్యా, ఎస్ఎంపీఎస్ 550 బ్రాంజ్. బయాస్ మోడ్ చూస్తే తుంగభద్రన్న చెప్పినట్టే లెగసీ, ముందే మార్చుకోకపోయింటే నల్ల స్క్రీన్ ముందర కూచోని ఏడ్సేవాణ్ణి. పార్టిషన్లు మూడే ఉన్నాయి కాబట్టి ఒక్క దెబ్బకు అయింది. హార్డ్ డిస్క్ గూడు నిజంగానే వేలెడంత అడ్డం వచ్చింది, అడుగున నాలుగు స్క్రూలు ఇప్పితే మొత్తం బయటికి వచ్చింది, హార్డ్ డిస్క్‌ని ఇప్పుడు ఎస్ఎంపీఎస్ పక్కన పెట్టినా.

సైబర్‌పంక్ హైలో పెట్టినా 75 దగ్గర నిలబడతాది, జనం ఎక్కువుండే చోట కొంచెం తగ్గుతాది, అప్పుడు ప్రాసెసర్ 95 చూపిస్తాంది. రెడ్ డెడ్ గురించి చెప్పనక్కర్లేదు. ఎఫ్ఎస్ఆర్ 4 (డీఎల్ఎస్ఎస్ మాదిరి ఏఎండీది) కూడా బాగుంది, నేను పాత ఎఫ్ఎస్ఆర్ మాదిరి మసక మసకగా ఉంటాదేమో అనుకున్యా.

రెండు డౌట్లు. డెస్క్‌టాప్ మీద ఊరికే ఉంటే కార్డు ఫ్యాన్లు తిరగడం ల్యా, పాడైందా? ఇంకోటి, ఇంట్లో 600 వీఏ యూపీఎస్ ఉండాది, కరెంటు పోతే ఆపుతాదా? ఎండాకాలం ఇక్కడ 42 దాకా పోతాది, నా రూము మిద్దె కింద పైన పోర్షన్ కూడా ల్యా, వేడి సంగతి ఏమైనా చెయ్యాల్నా?

ప్రొద్దుటూరోడు_ఇన్_బెంగుళూరు

సూపర్ తమ్ముడూ. ఫ్యాన్లు పాడు కాలేదు, ఇప్పటి కార్డుల్లో చాలా వరకు చల్లగా ఉన్నప్పుడు ఫ్యాన్లు ఆపేస్తాయి, వేడెక్కితే వాటంతట అవే తిరుగుతాయి. చప్పుడు రాకపోతే అదృష్టం అనుకో.

వేడికి ముందు చేయాల్సింది ఫ్రేమ్ లిమిట్. 75 హెర్ట్జ్ మానిటర్‌కి 140 ఎఫ్‌పీఎస్ తీసి ఏం చేసుకుంటావు, ఏఎండీ సాఫ్ట్‌వేర్‌లో 75 దగ్గర కట్టెయ్, తేలికైన గేమ్‌లలో కార్డు సగం కరెంటుతోనే నడుస్తుంది. అందులోనే ట్యూనింగ్ పేజీలో వోల్టేజ్ ఆఫ్‌సెట్ ఉంటుంది, మైనస్ 40 మిల్లీవోల్టులతో మొదలుపెట్టి గేమ్ క్రాష్ కాకపోతే కొంచెం కొంచెం కిందికి పో, క్రాష్ అయితే ఒక మెట్టు పైకి రా. క్యాబినెట్ ముందు అద్దం ఉన్న మోడల్ అయితే ఎండాకాలం ఆ పలక తీసి పక్కన పెట్టు, దుమ్ము పడుతుంది, పడనీ, నెలకోసారి బ్లోయర్ కొట్టుకోవచ్చు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకో, గాలికి గిర్రున తిరగనివ్వద్దు.

తుంగభద్ర_సర్వీస్, కర్నూలు

600 వీఏ అంటే మామూలుగా 360 వాట్లు. నీ పీసీ గేమ్ ఆడేటప్పుడు 270, 300 మధ్య లాగుతుంది, మానిటర్‌తో కలిపితే అంచు దాకా వస్తుంది. బ్యాటరీ కొత్తది అయితే ఒకటి రెండు నిమిషాలు ఆపుతుంది, పాతది అయితే కరెంటు పోయిన క్షణమే కీచుమని ఆగిపోతుంది. 1000 వీఏది తీసుకుంటే నిశ్చింత. ఇంటి ఇన్వర్టర్ మీద పెట్టాలనుకుంటే అది స్క్వేర్ వేవా సైన్ వేవా చూసుకో, కొత్త ఎస్ఎంపీఎస్‌లలో యాక్టివ్ పీఎఫ్‌సీ అనే సర్క్యూట్ ఉంటుంది, స్క్వేర్ వేవ్ మీద కొన్ని గుయ్‌మంటాయి, కొన్ని ఆగిపోతాయి. కరెంటు పోతే ముందు సేవ్ కొట్టు, తర్వాత బాస్ ఫైట్.

పాత 1050 టీఐ అమ్మకు, కార్డు వారంటీ అయ్యేదాకా డబ్బాలో పెట్టి దాచుకో. ఎఫ్ ప్రాసెసర్ ఉన్నోడికి ఇంట్లో ఒక స్పేర్ కార్డు ఉండాల్సిందే, రేపు కొత్తదాన్ని సర్వీస్‌కి పంపితే పీసీ బొమ్మ కూడా రాదు.